టోపీలు తారుమారైన చిత్రం: ‘డూ డిటెక్టివ్స్ థింక్?’ పుట్టుపూర్వోత్తరాలు

మూకీల కాలంలో అమెరికా హాస్యచిత్రాలను అపరాధ పరిశోధకుని పాత్ర అంతగా ఆకర్షించడానికి కారణం ఆ వృత్తిలోనే ఉంది. ఇతరులకు కనబడనిది కనిపెట్టడమే తన పనిగా చెప్పుకొనే మనిషి ఎదుట నిలిచిన దొంగను పోల్చుకోలేకపోతే, ఆ వైఫల్యం ప్రేక్షకునికి తెలియడానికి మాటలు అక్కరలేదు. షెర్లాక్ హోమ్స్ తొలిసారి తెరకెక్కిన 1900 నాటి ‘షెర్లాక్ హోమ్స్ బాఫిల్డ్’ నిమిషమైనా నిండని చిత్రమే అయినా, అందులో సైతం దొంగ ఆ మహామేధావి కళ్లముందే మాయమవుతాడు. 1911లో బయోగ్రాఫ్ సంస్థలో మాక్ సెనెట్, ఫ్రెడ్ మేస్ తెలివితక్కువ పరిశోధకుల జంటగా నటించి, 1912లో సెనెట్ స్థాపించిన కీస్టోన్ సంస్థలోనూ ఆ పాత్రలను కొనసాగించారు.

ఈ సంప్రదాయానికి పరిణత రూపమని చెప్పదగినది 1927 నవంబర్ 20న విడుదలైన ‘డూ డిటెక్టివ్స్ థింక్?’. హాల్ రోచ్ స్టూడియో నిర్మించగా ఫ్రెడ్ గియోల్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం రెండు రీళ్లది, అంటే దాదాపు ఇరవై నిమిషాల నిడివి గలది. మరణశిక్ష పడిన హంతకుడు న్యాయమూర్తిపై పగ తీర్చుకుంటానని శపథం చేసి, జైలు నుంచి తప్పించుకుని, ఆయన ఇంట్లోనే కొత్త బట్లరుగా, అనగా ఇంటి పనులు చూసే సేవకునిగా, ప్రవేశిస్తాడు. న్యాయమూర్తిగా జేమ్స్ ఫిన్లేసన్, హంతకునిగా నోవా యంగ్ నటించగా, రక్షణకు వచ్చిన పరిశోధకులు స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీ. హార్డీ పాత్ర పేరు షెర్లాక్ పింకమ్. అందులో హోమ్స్ పేరుతోపాటు, పందొమ్మిదో శతాబ్దం నుంచి ప్రసిద్ధమైన పింకర్టన్ డిటెక్టివ్ సంస్థ పేరుకు వ్యంగ్యానుకరణ కూడా వినిపిస్తుంది.

చిత్రం ప్రాముఖ్యం కథలో కంటే వేషంలో ఎక్కువగా ఉంది. ఇంగ్లండ్‌లోని అల్వర్‌స్టన్‌లో పుట్టి నాటకశాలల్లో రాటుదేలిన లారెల్, అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి చెందిన హార్డీ ఈ చిత్రం తీసేనాటికే కొన్ని చిత్రాలలో కలిసి కనిపించినా, వారిని స్థిరమైన జంటగా స్టూడియో ఇంకా ప్రకటించలేదు. కోటు, టై, గట్టి ఫెల్ట్‌తో చేసిన గుండ్రని డెర్బీ టోపీ కలసిన వారి చిరపరిచిత ఆహార్యం రూపుదిద్దుకున్నది ఇక్కడే. శ్మశానం పక్కన టోపీలు పోగొట్టుకుని, తిరిగి తెచ్చుకున్నాక ఒకరిది మరొకరు పెట్టుకుని, సరిచేయబోయిన ప్రతిసారీ మళ్లీ తారుమారు చేసుకునే ఘట్టం ఈ చిత్రానికి ప్రాణం. దెబ్బలు, పడిపోవడాలు, వెంటాడటాలతో నవ్వించే స్లాప్‌స్టిక్ హాస్యంలో ఇది అరుదైన నిదానం: ఎవరూ ఎవరినీ కొట్టరు, తమ టోపీలనే పోల్చుకోలేని వీరు హంతకుణ్ణి ఎలా పోల్చుకుంటారన్న సంగతి మాత్రం సందేహానికి తావు లేకుండా తేలిపోతుంది. వారి మధ్య గల స్నేహం, హార్డీ చూపే పెద్దరికం, లారెల్ అమాయకత్వం కూడా ఈ ఒక్క క్రీడలోనే వ్యక్తమవుతాయి గనుక, ఆ తర్వాతి ఎన్నో చిత్రాలలో వారు దీనినే మళ్లీ మళ్లీ వాడుకోవడం సహజం.

పగబట్టిన ఖైదీ ఇతివృత్తమూ వృథా పోలేదు. 1934 నాటి టాకీ లఘుచిత్రం ‘గోయింగ్ బై-బై!’లో అదే శపథం తిరిగి వచ్చింది. అయితే అక్కడ లారెల్, హార్డీ రక్షకులు కారు, కోర్టులో సాక్ష్యం చెప్పి ఖైదీ ఆగ్రహానికి తామే గురైన మామూలు మనుషులు.