పిల్లలకు పళ్లు వస్తున్నాయా..? విరేచనాలు, జ్వరాన్ని మాత్రం పళ్ల ఖాతాలో వేయొద్దు!

జువ్వలదిన్నె (నెల్లూరు జిల్లా): బిడ్డకు ఆరో నెల దాటింది. చొంగ కారుతోంది. చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. రాత్రిళ్లు ఏడుస్తోంది. ఇంతలో విరేచనాలు మొదలయ్యాయి. "పళ్లొస్తా ఉండాయిలే అమ్మా, మామూలే" అంటారు ఇంట్లో పెద్దోళ్లు. బోగోలు మండలం జువ్వలదిన్నె లాంటి మత్స్యకార గ్రామాల్లోనే కాదు, సిటీ అపార్ట్‌మెంట్లలోనూ వినిపించే మాటే ఇది.

చొంగ, చికాకు వరకు ఆ మాట నిజమే. విరేచనాలు, ఎక్కువ జ్వరం విషయంలో మాత్రం కాదు. పళ్ల వల్లే అనుకుని రెండు రోజులు ఆగితే ఒంట్లో నీరు తగ్గిపోయి పసిబిడ్డ ప్రాణం మీదకు వస్తుంది. అసలు పళ్లు వచ్చేటప్పుడు ఏం జరుగుతుంది? ఏం చేయాలి? ఏం చేయకూడదు? పూర్తి వివరాలు ఇవీ..

ఏ నెలలో ఏ పళ్లు?

పాలపళ్లు మొత్తం 20. చాలామంది పిల్లలకు ఆరో నెల దగ్గర్లో మొదటి పన్ను కనిపిస్తుంది. కొందరికి నాలుగో నెలలోనే రావచ్చు, ఇంకొందరికి ఏడాది పట్టొచ్చు. సాధారణంగా వచ్చే వరుస ఇది:

• కింది ముందు పళ్లు రెండు: 6 నుంచి 10 నెలలు
• పై ముందు పళ్లు రెండు: 8 నుంచి 12 నెలలు
• వాటి పక్క పళ్లు: 9 నుంచి 16 నెలలు
• మొదటి దవడ పళ్లు: 13 నుంచి 19 నెలలు
• కోర పళ్లు: 16 నుంచి 23 నెలలు
• రెండో దవడ పళ్లు: 23 నుంచి 33 నెలలు

పై పళ్లు ముందొస్తే మేనమామకు గండం అని మన దగ్గర ఓ నమ్మకం ఉంది. పిల్లలందరికీ ఒకే వరుసలో పళ్లు రావు. పైవి ముందొచ్చినా బిడ్డకూ భయం లేదు, మేనమామకూ భయం లేదు. ఏడాది దాటినా ఒక్క పన్ను కూడా కనిపించకపోతే మాత్రం ఒకసారి పళ్ల డాక్టర్‌కు చూపించాలి.

ఏది మామూలు? ఏది కాదు?

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 125 మంది పిల్లలను గమనించి, 2000లో ఫలితాలు ప్రచురించారు. పన్ను బయటపడే రోజు, దానికి ముందు 4 రోజులు, తర్వాత 3 రోజులు.. మొత్తం 8 రోజుల్లోనే పళ్లకు సంబంధించిన లక్షణాలు కనిపించాయి.

• మామూలే: చొంగ, కొరకడం, చిగుళ్లు రుద్దుకోవడం, చికాకు, నిద్ర సరిగా పట్టకపోవడం, చెవి రుద్దుకోవడం, ముఖం మీద చిన్న దద్దుర్లు, గట్టి ఆహారం వద్దనడం, ఒళ్లు కొద్దిగా వెచ్చబడటం.
• పళ్లతో సంబంధం కనిపించనివి: ఎక్కువ జ్వరం, విరేచనాలు, వాంతులు, దగ్గు.

థర్మామీటర్‌లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ చూపిస్తే అది జ్వరమే. దానికి వేరే కారణం ఉందని అనుకోవాలి.

మరి అదే టైమ్‌లో విరేచనాలెందుకు?

పళ్లు మొదలయ్యే వయసులోనే ఇంకో మూడు మార్పులు జరుగుతాయి. పుట్టుకతో తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గిపోతూ ఉంటుంది. ఆరో నెల నుంచి తల్లిపాలతో పాటు బయటి ఆహారం, నీళ్లు మొదలవుతాయి. బిడ్డ పాకుతూ నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. చిగుళ్లు దురదగా ఉంటే ఇంకా ఎక్కువ పెట్టుకుంటుంది. అలా క్రిములు కడుపులోకి వెళ్తాయి. విరేచనాలకు కారణం ఆ క్రిములు, పన్ను కాదు.

పళ్ల మీద నెపం వేయడం మన ఒక్కరి అలవాటే కాదు. 1842 నాటి లండన్ మరణాల లెక్కల్లో ఏడాదిలోపు పిల్లల మరణాల్లో 4.8 శాతానికి కారణం 'పళ్లు రావడం' అని రాసుకున్నారు. ఆ పిల్లల అసలు జబ్బులు ఆ మాట వెనకే ఉండిపోయాయి. బ్రిటన్‌లో పళ్ల నొప్పికని పిల్లలకు ఇచ్చిన పౌడర్లలో పాదరసం ఉండేది. దాని వల్ల పిల్లలు విషప్రభావానికి గురయ్యారు. 1954లో వాటిలోంచి పాదరసం తీసేశాక ఆ జబ్బు దాదాపు మాయమైంది.

చిగుళ్ల నొప్పికి ఇలా చేయండి

• చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన వేలితో చిగుళ్లను మెల్లగా రుద్దండి.
• శుభ్రమైన నూలుగుడ్డను కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి, మీ ఎదురుగానే కొరకనివ్వండి.
• రబ్బరు టీథర్ వాడితే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, ఫ్రీజర్‌లో వద్దు. గడ్డకట్టింది చిగుళ్లకు గాయం చేస్తుంది. కింద పడిన ప్రతిసారీ కడగాలి.
• చొంగను మెత్తటి గుడ్డతో ఎప్పటికప్పుడు అద్దండి. తీరంలో ఉక్కపోతకు గడ్డం, మెడ కింద త్వరగా ఒరుస్తుంది.
• తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు నిండితే మెత్తగా కలిపిన పెరుగన్నం, చల్లారిన రాగి జావ పెట్టొచ్చు.
• నొప్పి బాగా ఉంటే పారాసెటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరే చెప్పాలి. డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటర్‌కే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120, 125 లేదా 250 ఉంటుంది. ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే ప్రమాదం.

ఇవి మాత్రం వద్దు

• తేనె: ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.
• వెలిగారం: తేనెలో కలిపి నోట్లో రాస్తుంటారు. ఇది బోరాక్స్. కడుపులోకి వెళ్తే విషం.
• మత్తు జెల్స్: బెంజోకైన్ ఉన్నవాటిని రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. రక్తంలో ఆక్సిజన్ అందడం పడిపోవచ్చు.
• పళ్ల మాత్రలు: కొన్ని హోమియో టీథింగ్ మాత్రల్లో బెల్లడోనా మోతాదు ఎక్కువగా, ఒక్కో మాత్రలో ఒక్కోలా ఉన్నట్టు ఎఫ్‌డీఏ 2017లో తేల్చింది. డాక్టర్ చెప్పకుండా షాపులో కొని వేయొద్దు.
• మెడలో పూసలు, దండలు: తెగితే పూస గొంతులో ఇరుక్కుంటుంది. తెగకపోతే మెడకు బిగుసుకుంటుంది.
• పచ్చి క్యారెట్ ముక్క: విరిగి గొంతుకు అడ్డం పడుతుంది.

విరేచనాలు మొదలైతే..

మొదటి విరేచనం నుంచే ఓఆర్‌ఎస్ పట్టండి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తను అడగండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నీ ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ కలపకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడొద్దు. మంచినీళ్లు కాచి చల్లార్చి కలపాలి. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి.

దాంతో పాటు జింక్ మాత్ర 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, 2 నుంచి 6 నెలల పిల్లలకు 10. విరేచనాలు తగ్గినా మధ్యలో ఆపొద్దు. తల్లిపాలు, తినే ఆహారం యథావిధిగా ఇవ్వాలి.

షాపులో డబ్బా మీద పేరు చూసి మోసపోవద్దు. చక్కెర ఎక్కువున్న డ్రింక్స్ విరేచనాలను ఇంకా పెంచుతాయి. ఆహార, పానీయాల పేర్లలో 'ఓఆర్‌ఎస్' అనే మాట వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. దీని వెనుక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్ల పోరాటం ఉంది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్‌నే తీసుకోండి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన గుర్తులు

• ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం
• నెత్తి మీద మాడు, కళ్లు లోపలికి పోవడం
• ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, నోరు ఎండిపోవడం
• పాలు తాగకపోవడం, లేపినా మత్తుగా ఉండటం
• విరేచనంలో రక్తం, ఆగని వాంతులు, ఫిట్స్, తగ్గని జ్వరం

వీటిలో ఒక్కటి కనిపించినా "ఆయన వేట నుంచి వచ్చాక చూద్దాం" అని ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. ఆ చుట్టుపక్కల వాళ్లకు కావలి ఏరియా ఆస్పత్రి ఉంది. దారి పొడవునా ఓఆర్‌ఎస్ పడుతూనే వెళ్లాలి. మత్తుగా ఉండి మింగలేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు.

తొలి పన్ను నుంచే బ్రష్

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోమాలి. ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో అయితే ముందు పళ్ల డాక్టర్‌ను అడగాలి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నట్టు పరిశోధకులు 1937లోనే ప్రచురించారు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చొద్దు, పళ్లు పుచ్చిపోతాయి. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి పళ్ల డాక్టర్‌కు చూపిస్తే మంచిది.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. మీ బిడ్డకు మందులు, మోతాదు డాక్టర్‌ను అడిగే వాడండి.