మరుగుదొడ్డి ఎవరికి మరుగు?

తెలుగులో చరిత్ర రాసినవాళ్లు కోటల గురించి రాశారు, గుళ్ల గురించి రాశారు, చెరువులూ కాలవల గురించీ రాశారు. ఇంటి వెనక దొడ్డి గురించి రాసినవాళ్లు బహు తక్కువ. రాయాల్సిన అవసరం వాళ్లకి పడలేదు. పొద్దున్నే అది ఖాళీ అయిపోయేది గనక. ఎవరు ఖాళీ చేశారో, ఎటు మోసుకుపోయారో తెలిసినవాళ్లకి అక్షరం అందలేదు. మా ఇంట్లో అక్షరం మా తరానికే వచ్చింది. కాబట్టి ఆ దొడ్డి దగ్గర్నించే మొదలుపెడుతున్నాం.

మొదలుపెట్టడానికి ఓ కారణం కూడా ఉంది. ఆమధ్య మా ఇంటికి కొత్తగా లెట్రిన్ కట్టించాల్సి వచ్చి శానిటరీ షాపుకి వెళ్లాం. బాగా ఫ్లష్ అయ్యేది చూపించమన్నాం. షాపతను తళతళలాడే కమోడ్లు వరసగా చూపించుకుంటూ పోయాడు. వెంట వచ్చిన మా అమ్మ ఒక్కటే అడిగింది: "నీళ్లోస్తే అది ఎక్కడికెల్తాది బాబూ?" అతను నవ్వి, "లోపలికెళ్లిపోద్దమ్మా" అన్నాడు. అమ్మ నవ్వలేదు. చిన్నప్పుడు అమ్మమ్మ వెంట పాకీ సందుల్లో బకెట్టు పట్టుకు తిరిగిన మనిషి ఆమె. 'లోపల' ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారని ఆమెకు తెలుసు.

పాకీ సందు చూడని ఈ తరం పాఠకుల కోసం నాలుగు మాటలు. రెండు వరసల ఇళ్ల వెనక వీపులు కలిసే చోట మనిషి పట్టేంత సందు. ప్రతి ఇంటి దొడ్డి గోడకీ కింద ఓ కంత, దానికి రేకు తలుపు. పైన రెండు రాళ్లు, కింద తొట్టో బకెట్టో, లేదంటే ఉత్త నేలే. పైన కూర్చున్నవాళ్లకి కింద చెయ్యి పెట్టేవాళ్లు కనపడరు. కనపడకుండా ఉండటానికే ఆ కట్టడం. దీన్నే మనం మరుగుదొడ్డి అంటున్నాం. అమ్మమ్మ దగ్గర ఒక రేకు ముక్క, ఒక చీపురు, ఒక తట్ట, కాస్త బూడిద ఉండేవి. వానాకాలం తట్టలోంచి జుట్టు మీదికీ, మొహం మీదికీ కారేదట. ఆ నాలుగు నెలలూ ఆమె అన్నం సరిగా తినేది కాదని అమ్మ చెబుతుంది. ఇంట్లో రెల్లి భాష, వీధిలో తెలుగు మాట్లాడిన ఆ మనిషికి వీధి ఇచ్చిన పేరు మాత్రం ఒక్కటే, 'పాకీది'. పనికీ కులానికీ తిట్టుకీ ఒకటే మాట. షెడ్యూల్డు కులాల జాబితాలోనూ 'పాకీ' అని కులం పేరుగానే ఎక్కింది.

ఇదంతా అనాదిగా ఉన్నదే కదా అంటారు పండితులు. మేము ఒప్పుకోం. మా తాతలు గడ్డి కోసి అమ్మారు, పళ్లూ కూరలూ అమ్మారు. రెల్లి ఆడవాళ్లు ఇప్పటికీ ఉత్తరాంధ్ర బజార్లలో పళ్ల గంపలతో కూర్చునే ఉంటారు. పల్లెల్లో జనం చెంబు పట్టుకుని పొలాల్లోకి, గట్ల వెనక్కి పోయేవాళ్లు. అక్కడ ఎత్తేవాడి అవసరమే లేదు. పట్నం పెరిగి, ఇల్లూ ఇల్లూ ఆనుకుని, మునిసిపాలిటీ వెలిశాకే ఈ పని జీతాల పద్దులోకి ఎక్కింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884లో ఒకటీ, 1920లో ఒకటీ జిల్లా మునిసిపాలిటీల చట్టాలొచ్చాయి. దొడ్లు శుభ్రం చేయించే బాధ్యత మునిసిపాలిటీ నెత్తిన పడింది. మునిసిపాలిటీ దాన్ని మా నెత్తిన పెట్టింది. అంటరానితనం పాతదే కావచ్చు. దానికి మస్టరు రోలు కట్టింది మాత్రం ఆధునిక ప్రభుత్వమే. మొహెంజోదారో మురుగు కాలవలు చూసి పొంగిపోయే చరిత్రకారులు వాటిలో పూడిక ఎవరు తీశారని కూడా ఎప్పుడైనా అడిగితే బాగుండును.

ఇక ఫ్లష్ సంగతి. అందులో ఉన్న కిటుకంతా ఒక వంకర గొట్టం. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు దానికి పేటెంటు తీసుకున్నాడు. వంపులో కాసిని నీళ్లు నిలిచి వాసననీ ఈగల్నీ పైకి రానివ్వవు. అంతే సంగతి. ఇంత చిన్న వంపు మా పాకీ సందుల్లోకి రావడానికి దాదాపు రెండొందల ఏళ్లు పట్టింది. వంపు చెయ్యడం కష్టమయ్యా? కాదు. మనిషి చవగ్గా దొరుకుతున్నప్పుడు వంపు కోసం డబ్బు ఎవరు పెడతారు?

స్వాతంత్ర్యం తర్వాత కమిటీలు వేశారు. బొంబాయి ప్రభుత్వం 1949లో వేసిన బర్వే కమిటీ, కేంద్రం 1957లో వేసిన మల్కానీ కమిటీ. నెత్తిన మోయడం మానిపించి తోపుడు బండ్లివ్వమని సిఫార్సులొచ్చాయి. తట్ట పోయి బండి వచ్చింది, చెయ్యి అక్కడే ఉండిపోయింది. అసలు మార్పు వేరే దారిన వచ్చింది. ఏటవాలుగా ఉండే బేసిన్, దానికి 20 మిల్లీమీటర్ల నీళ్లు మాత్రమే నిలిచే ట్రాప్, రెండు గుంటలు. ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు చెంబుతో పోస్తే చాలు. పాత ఫ్లష్ ట్యాంకులు ఒక్కసారికి 10 లీటర్లకు పైగా తాగేవి. వీధి కొళాయి దగ్గర బిందె కోసం కొట్టుకునే వాడలకు అవి ఎలా సరిపోతాయి? 1970లో బీహారులో బిందేశ్వర్ పాఠక్ మొదలుపెట్టిన సులభ్ సంస్థ ఈ రెండు గుంటల పద్ధతిని దేశమంతా తిప్పింది. పాకీ దొడ్లను ఇలా మార్చి పనివాళ్లను విముక్తి చేసే పథకం కేంద్రం 1980-81లో పెట్టింది.

ఇప్పుడు కొనేవాళ్లకి మా అనుభవం కొద్దీ చెబుతున్నాం. బాగా పోవడమన్నది ట్యాంకు సైజు మీద ఆధారపడదు. చెంబుతో పోసుకునే ఇంటికి వాలు ఎక్కువున్న ఇండియన్ బేసినే మేలు. వాలు తక్కువైతే రెండు లీటర్లకు కదలదు. సిమెంటు బేసిన్ చవకే గానీ గరుకు, పట్టుకుని వదలదు. పింగాణీ అయితే ట్రాప్ లోపల కూడా నున్నగా ఉందో లేదో వేలు పెట్టి చూడండి. షాపువాళ్లు పైన మెరుపే చూపిస్తారు. మామూలు కమోడ్ ట్రాపులో 50 మిల్లీమీటర్ల నీరు నిలుస్తుంది. దాన్ని నెట్టాలంటే ఎక్కువ నీళ్లూ, ఒక్కసారిగా వచ్చే ధాటీ కావాలి. ముసలివాళ్లుంటే కమోడ్ తప్పదు, మూడూ ఆరూ లీటర్ల రెండు బటన్ల ట్యాంకు పెట్టుకోండి. ట్రాపు దారి వెడల్పుగా ఉన్నది తీసుకోండి. అది మూసుకుపోతే పిలిచేది ఎవర్నో మీకు తెలుసు.

బేసిన్ ఎంపిక ఒక పూట పని. గొట్టం రెండో చివర ఎక్కడ తేలుతుందన్నదే అసలు ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 7,94,390 దొడ్లను ఇంకా మనుషులే ఎత్తుతున్నట్టు నమోదైంది. మురుగు నేరుగా వీధి కాలవలో కలిసే దొడ్లు వాటికంటే ఎక్కువ, 13 లక్షల పైచిలుకు. ఆ ఇళ్లవాళ్ల లెక్కలో అవి శుభ్రమైన దొడ్లే. నీళ్లు పోస్తే పోతున్నాయి కదా! కాలవ ఎత్తేవాళ్ల లెక్కలో పాకీ సందు ఇంటి వెనక నుంచి ఇంటి ముందుకొచ్చింది, అంతే.

చట్టాలూ ఈ గొట్టం వెంట ఆలస్యంగానే నడిచాయి. పాకీ పనీ, పాకీ దొడ్ల నిర్మాణమూ నిషేధిస్తూ 1993లో చట్టమొచ్చింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల తీర్మానాల మీద, పారిశుద్ధ్యం విషయంగా చేసిన చట్టం అది. మనిషి మర్యాద విషయంగా కాదు. ఏడాది జైలు, 2,000 రూపాయల జరిమానా అన్నారు. అమల్లోకి రావడానికే 1997 జనవరి 26 దాకా పట్టింది. కోలారు బంగారు గనుల్లో తెలుగు మాట్లాడే సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. మన రాష్ట్రపు సంగతులు గీతా రామస్వామి 2005లో ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మురుగు గొట్టాల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ మనిషిని దించడం దాన్లో నేరమైంది. 2014 తీర్పులో 1993 నుంచీ మ్యాన్‌హోళ్లలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలివ్వమన్నారు. 2023 అక్టోబరు తీర్పుతో అది 30 లక్షలైంది. రేటు పెరిగింది. దించడం ఆగలేదు.

సెప్టిక్ ట్యాంకు మీద మనవాళ్లకి ఇంత మోజెందుకో డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో రాసిన పుస్తకం ఉత్తరాది పల్లెల్లో వెతికింది. చిన్న గుంట త్వరగా నిండుతుంది, నిండితే ఎవరు తీస్తారన్న భయం కులం భయమే అని వాళ్లు చూపారు. మన దగ్గరా అదే. స్వచ్ఛ భారత్ కింద 2014 నుంచి 12,000 రూపాయలిచ్చి రెండు గుంటలు తవ్వమంటే, సొంత డబ్బు కలిపి మరీ గదంత ట్యాంకు కట్టినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఇరవయ్యేళ్లు మూత తియ్యక్కర్లేదని వాళ్ల ధీమా. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ మూత తీసేవాడు లోపలి విషవాయువుకి అక్కడే కూలిపోవచ్చు.

మేము రెండు గుంటలే తవ్వించాం. నీటిమట్టం పైకుండే చోటైతే ఇది కుదరదు, బావుల్లోకి దిగుతుంది. మా నేల మెట్ట. ఒకటి నిండాక దారి మళ్లించి రెండోదానికి కలపాలి. రెండేళ్లు మూసి ఉంచితే లోపలిది వాసన లేని మట్టవుతుంది, పారతో తీసి మొక్కలకు వేసుకోవచ్చు. ఇదంతా మేస్త్రీకి వివరంగా చెప్పాం. అతను సిమెంటు వరలు దించుతూ అంతా విని, "దానికేముంది సార్, తియ్యడానికి మీవాళ్లే ఉన్నారు కదా" అన్నాడు. చెడుగా అనలేదు, మామూలుగానే అన్నాడు.

మొదటి గుంట ఈ ఏడాదే నిండింది, దారి మళ్లించాం. మట్టి తానే తీస్తానంటుంది అమ్మ. మేము తీస్తామంటే, ఇంత చదువు చదివి మళ్లీ అందులో చెయ్యి పెడతారా అని గొడవకొస్తుంది. మూత తియ్యడానికి ఇంకో రెండేళ్లుంది.