మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరు: ఒక చారిత్రక పరిశీలన

పెళ్లి మాట ఖాయం కాగానే ఇంట్లో పెద్దలు కూర్చుని ఒక జాబితా వ్రాసుకోవడం మనందరికీ అలవాటే. ఖాజీగారికి కబురు, షామియానా, వంటకు బావర్చీ, పూలు, వలీమాకు పిలవవలసిన వాళ్లు - ఇలా ఒక్కొక్కటీ వ్రాసుకుంటూ పోతారు. చివరకు ఎవరో ఒకరు "మరి ఫొటోగ్రాఫరు సంగతేమిటి?" అంటారు. అక్కడ చర్చ మొదలవుతుంది. "ఫొటోలు లేకపోతే ఎలాగండీ? బ్రతుకులో ఒక్కసారి జరిగే శుభకార్యం" అని కుర్రవాళ్లు అంటారు. "మా నికాహ్ ఫొటోలు లేకుండానే జరిగింది, మేము కాపురం చేయలేదా?" అని దాదీ అంటుంది. "అదంతా సరే, పరాయి మగవాడు జనానాలోకి ఎలా వస్తాడు?" అని ఫూఫీ అడుగుతుంది.

ఈ మూడు మాటల్లోనూ నిజముంది. ఈ చర్చ నిన్న మొన్న పుట్టింది కాదు, మన దక్కన్ గడ్డ మీదనే నూరేళ్ల పైచిలుకు చరిత్ర దీనికి ఉన్నది. ఆ చరిత్రను కొంచెం తిరగవేస్తే నేటి మన ఇబ్బందికి ఒక దారి కనిపిస్తుందని మా నమ్మకం. అందుకే ఈ నాలుగు మాటలు పాఠక సోదర సోదరీమణులకు మనవి చేస్తున్నాము.

బాదుషాల కాలం నుంచి కెమెరా దాకా

పెళ్లి ముచ్చటను బొమ్మగా దాచుకోవాలనే కోరిక కెమెరా కంటే చాలా పాతది. 1633లో షాజహాన్ కుమారుడు దారా షికోహ్ వివాహం జరిగింది. ఆ ఊరేగింపును ఆస్థాన చిత్రకారులు రంగుల్లో వేశారు. పాద్‌షానామా వ్రాతప్రతిలో ఆ చిత్రాలు నేటికీ ఉన్నాయి. అయితే ఆ భాగ్యం బాదుషాలకే. సామాన్యుడి నికాహ్‌కు ఇద్దరు సాక్షులు, ఖాజీగారి దస్తావేజు, పదిమంది కళ్లు - ఇవే ఆధారం. ధర్మం కోరేది కూడా అంతే. నికాహ్ చెల్లడానికి ఫొటో అక్కరలేదన్న సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి.

1839లో ఫ్రాన్సులో ఫొటోగ్రఫీ విధానం లోకానికి వెల్లడి అయింది. కొద్ది కాలానికే అది మన దేశానికీ చేరింది. ఆ తొలి రోజుల్లో ఫొటో తీయించుకోవాలంటే కదలకుండా కూర్చోవాలి. కదిలితే ముఖం చెదిరిపోయేది. గాజు పలకలు, వాటికి పూసే మందులు, చీకటి గుడారం - ఇంత సరంజామా ఉంటే గాని పని జరిగేది కాదు. పెళ్లి సందడిలో అది సాధ్యమా? కాబట్టి పెళ్లి అయిన తరువాత బట్టలు నగలు పెట్టుకుని, స్టూడియోకు వెళ్లి కూర్చుని తీయించుకునేవారు. అదీ ధనవంతులు మాత్రమే.

నిజాం కొలువులో ముసవ్విర్

మన ప్రాంతానికి సంబంధించి ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసిన పేరు రాజా దీన్ దయాళ్. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జన్మించారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీ నేర్చారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా నియమించి, ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. సికింద్రాబాదులో ఆయన స్టూడియో వెలసింది. దర్బారులు, దావతులు, వేటలు, భవనాలు, అమీరుల కుటుంబాలు - ఆనాటి హైదరాబాదు ముఖాన్ని నేడు మనం చూడగలుగుతున్నామంటే చాలావరకు ఆయన చలవే. 1905లో ఆయన కన్నుమూశారు.

అయితే మా వ్యాసానికి ముఖ్యమైనది ఆయన బిరుదు కాదు, 1892లో ఆయన చేసిన పని. ఆ సంవత్సరం హైదరాబాదులో స్త్రీల కోసమే ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల పని చేసేదంతా స్త్రీలే. దాని నిర్వహణ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. పర్దా పాటించే ఇళ్ల స్త్రీలు నిశ్చింతగా వచ్చి ఫొటో తీయించుకోవడానికి వీలుగా ఈ ఏర్పాటు జరిగింది.

ఇది పెళ్లి ఫొటోల కోసమే పెట్టినది కాదు. అయినా ఇందులో మనకు పెద్ద పాఠమున్నది. పర్దా ఉంది కాబట్టి ఫొటో వద్దు అని ఆ ఇళ్లవాళ్లు ఊరుకోలేదు. ఫొటో కావాలి కాబట్టి పర్దా వదిలెయ్యండి అని ఆ ముసవ్విర్ చెప్పలేదు. ఇంటివాళ్లకు ఒక షరతు ఉంది, పనివాడు ఆ షరతుకు తగినట్టు తన పద్ధతిని మార్చుకున్నాడు. అంతే. కలకత్తాలో కూడా ఇరవయ్యో శతాబ్దంలో అన్నపూర్ణా దత్తా అనే మహిళ ఇళ్లకే వెళ్లి స్త్రీల ఫొటోలు తీసి, దానితోనే జీవనం సాగించారు. అవసరం ఉన్న చోట దారి దొరికింది.

1931 నవంబరులో ఏడవ నిజాం కుమారులిద్దరి నికాహ్ ఫ్రాన్సులోని నీస్ నగరంలో జరిగింది. ఆజం జాహ్‌కు దుర్రె షెహ్వార్, మొఅజ్జం జాహ్‌కు నీలోఫర్. దుర్రె షెహ్వార్ తండ్రి అబ్దుల్ మజీద్ ఆఖరి ఖలీఫా, స్వయంగా చిత్రకారుడు కూడా. ఆ పెళ్లి ఫొటోలు దేశదేశాల పత్రికల్లో పడ్డాయి. నలభై ఏళ్ల క్రితం ఎత్తైన గోడల వెనుక మొదలైన పని ఇలా బయటి లోకానికి వచ్చింది.

ఉలమాల మాట

ఇక్కడ ఒక సంగతి దాటవేయకూడదు. ప్రాణుల బొమ్మలు గీయడం విషయంలో మన ధర్మంలో గట్టి హెచ్చరికలున్నాయి. రూపమిచ్చేవాడు, అంటే అల్-ముసవ్విర్, అన్నది అల్లాహ్ పవిత్ర నామాల్లో ఒకటి. కెమెరా వచ్చాక ఇది కూడా ఆ బొమ్మల కిందికే వస్తుందా రాదా అని ఉలమాల్లో చర్చ జరిగింది. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీగా పని చేసిన ముహమ్మద్ బఖీత్ ఫొటో అనేది కొత్తగా సృష్టించిన బొమ్మ కాదు, ఉన్న నీడను పట్టి ఉంచడమే అన్న వాదంతో అనుమతినిస్తూ ఒక పుస్తకం వ్రాశారు. మన ఉపఖండంలో దేవబంద్ ఉలమాల్లో ప్రసిద్ధులైన ముఫ్తీ ముహమ్మద్ షఫీ దానిని ఒప్పుకోక వ్యతిరేకంగా వ్రాశారు.

ఈ విషయంలో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. ఎవరి ఇంటివారు తాము నమ్మిన ఆలింగారిని అడిగి నడుచుకోవలసిందే. కాని పాస్‌పోర్టుకు, హజ్ ప్రయాణానికి, 1993 నుంచి వచ్చిన ఓటరు గుర్తింపు కార్డుకు ఫొటో తప్పనిసరి అయిన తరువాత, ఫొటో గడప దాటి రాని ఇల్లు అంటూ మిగలలేదు. ఇక మిగిలిన ప్రశ్న ఎంత, ఎలా, ఎవరి చేతుల్లో అన్నది మాత్రమే.

పన్నెండు ఫొటోల పెళ్లి

మన జిల్లాల్లో మధ్య తరగతి ఇళ్లకు పెళ్లి ఫొటోగ్రాఫరు వచ్చింది స్వాతంత్ర్యం తరువాతనే అనవచ్చు. ఆ రోజుల్లో వాడిన 120 రీలులో చదరపు ఫొటోలు పన్నెండే వచ్చేవి. కాబట్టి ఫొటోగ్రాఫరు బటను నొక్కే ముందు ఇంటి పెద్ద వైపు చూసేవాడు. ఖాజీగారితో ఒకటి, సెహ్రా కట్టిన దూల్హాతో ఒకటి, అన్నదమ్ములందరితో ఒక గ్రూపు. ఏది తీయాలో పెద్దాయన చెప్పాలి. 1960 దశకం చివర ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిల్ము వచ్చాక స్వదేశీ సరుకు దొరికింది. (ఆ కర్మాగారం తరువాతి కాలంలో మూతపడింది.) నల్ల అట్టల ఆల్బం, మధ్య మధ్య పల్చని బటర్ కాగితం, మూలలకు అంటించే కార్నర్లు - అది ఆనాటి వైభవం.

మనవాళ్లకు ఫొటో కేవలం దర్జా కోసమే కాదు, అవసరంగా కూడా మారింది. దేశ విభజన తరువాత అన్న ఇక్కడ, తమ్ముడు కరాచీలో ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. చెల్లెలి పెళ్లికి రాలేని అన్నకు కవరులో పెట్టి పంపిన ఒక్క ఫొటోయే పెళ్లి. 1970 దశకం నుంచి హైదరాబాదు, కడప, నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల నుంచి మనవాళ్లు గల్ఫ్‌కు వెళ్లారు. జిద్దాలోనో దుబాయిలోనో ఉన్న తండ్రి తన బిడ్డ రుఖ్‌సతీని చూసుకున్నది ఆల్బంలోనే. తరువాత 1980 దశకంలో వీడియో క్యాసెట్‌లో చూసుకున్నాడు. ఆ తండ్రి కన్నీటిని చూసినవారెవరూ ఫొటోగ్రాఫరు ఖర్చును దండుగ అనలేరు.

షరతు మరచిపోయిన రోజు

అయితే రీలు పన్నెండు నుంచి ముప్పయ్యారుకు, అక్కడి నుంచి వీడియోకు, నేడు లెక్కకు అందని డిజిటల్ ఫొటోలకు పెరిగే కొద్దీ ఇంటి పెద్ద చెప్పే మాట తగ్గిపోయింది. వీడియో దీపాల వేడితో పాటు కెమెరా నేరుగా జనానాలోకే వచ్చింది. ఏది తీయాలో ఫొటోగ్రాఫరే నిర్ణయించడం మొదలైంది.

మేము ఎరిగిన ఒక కుటుంబంలో జరిగిన సంగతి. పెళ్లయిన నెలకు దుల్హన్ తండ్రి బజారుకు వెళ్తుంటే, స్టూడియో అద్దాల బీరువాలో తన బిడ్డ ఫొటో పెద్దది చేసి కనిపించింది. దారిన పోయేవాళ్లంతా చూస్తున్నారు. ఆయనకు కాళ్లూ చేతులూ ఆడలేదు. లోపలికి వెళ్లి అడిగితే స్టూడియో ఆయన చేతులు జోడించి, "అయ్యో సాయిబుగారూ, చాలా బాగా వచ్చిందని పెట్టుకున్నానండీ. వద్దని ఒక్క ముక్క చెప్పి ఉంటే పెట్టేవాణ్ణా?" అన్నాడు. వెంటనే ఫొటో తీసి, నెగెటివ్ కూడా చేతిలో పెట్టాడు. ఆయన తప్పు కంటే మనవాళ్ల మౌనమే ఎక్కువ పని చేసిందని మాకనిపించింది. ముందు ఎవ్వరూ చెప్పలేదు మరి. నాడు అది ఒక బీరువా. నేడు అదే ఫొటో ఫోనుల్లోకి ఎక్కితే ఏ బీరువా నుంచి తీయిస్తాము?

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. జనానాలో ఒక్క ఫొటో కూడా వద్దని పట్టుబట్టిన ఇల్లు ఒకటి మాకు తెలుసు. ఆ పెళ్లికూతురు నాలుగేళ్లకే, ఇద్దరు పసిబిడ్డలను విడిచి అల్లాహ్ సన్నిధికి చేరింది. ఆ పిల్లలు పెద్దవాళ్లయి "అమ్మీ ఎలా ఉండేది?" అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. ఖాలా ముఖం చూపించి "కొంచెం ఇలాగే ఉండేది బాబూ" అంటారు. 1892 నాటి ఆ ఎత్తు గోడల సంగతి ఆ ఇంటివారికి తెలిసి ఉంటే, ఒక స్త్రీ చేతనే ఒక్క ఫొటో తీయించి పెట్టెలో దాచుకునేవారు కదా అనిపిస్తుంది.

ఇప్పుడు చేయవలసినది

కనుక ఫొటోగ్రాఫరును పిలవడం మనకు కొత్త కాదు, షరతు చెప్పి పిలవడమే మన పాత పద్ధతి. ఆ పద్ధతిని తిరిగి పట్టుకోవాలి. బయానా ఇచ్చే రోజునే కూర్చుని ఈ సంగతులు తేల్చుకోవాలని మా సలహా.

ఒకటి, జనానా వైపు ఎవరు తీస్తారు? మహిళా ఫొటోగ్రాఫర్లను మాత్రమే పిలిచే కుటుంబాలు నేడు నగరాల్లో చాలా ఉన్నాయి. దొరకని ఊళ్లలో కెమెరా పట్టడం వచ్చిన ఇంటి ఆడపిల్లకే ఆ పని అప్పగించవచ్చు. దుల్హన్‌ను ముందుగా అడగడం మాత్రం మరువరాదు. ముఖం ఆమెది, మాట కూడా ఆమెదే కావాలి.

రెండు, ఫొటోల మీద హక్కు ఎవరిది? 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనట్లయితే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. అయినా మా అనుమతి లేనిదే ఎక్కడా ప్రదర్శించరాదు, ప్రచారానికి వాడరాదు, అసలు ఫైళ్లన్నీ మాకు ఇవ్వాలి అని ఒక కాగితం మీద వ్రాయించుకోవడం మంచిది.

మూడు, ఖర్చు. తెలంగాణలో పేద ఆడబిడ్డల నికాహ్ కోసం 2014 అక్టోబరు 2న షాదీ ముబారక్ పథకం 51,000 రూపాయలతో మొదలైంది. 2018లో దానిని 1,00,116 రూపాయలకు పెంచారు. ఆ సాయం బిడ్డ కాపురానికి అండగా నిలవాలి గాని ఆల్బం అట్టలకు పోకూడదు. అప్పు చేసి డ్రోన్ ఎగరవేయడం ఏ పెద్దరికం?

నాలుగు, దాచుకోవడం. సరిగా కడిగిన నలుపు తెలుపు ఫొటో తరాలు నిలుస్తుంది. 1980 దశకపు రంగు ఫొటోలు ఎర్రబడి వెలిసిపోతున్నాయి. క్యాసెట్లు బూజు పట్టాయి. ఫోను పోతే అన్నీ పోతాయి. కాబట్టి మంచివి ఇరవై ఏరి అచ్చు వేయించి, వెనుక పేర్లు, తేదీ వ్రాసి పెట్టుకోండి. దీన్ దయాళ్ గాజు పలకలు రెండు వేల ఎనిమిది వందలకు పైగా నేటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయంటే, ఎవరో ఒకరు శ్రద్ధగా దాచబట్టే కదా!

పన్నెండు ఫొటోల కాలంలో పెద్దాయన ఫొటోగ్రాఫరుకు ఏది తీయాలో చెప్పేవాడు. పన్నెండు వేల ఫొటోల కాలంలో ఏది తీయకూడదో కూడా చెప్పగలిగితే, మన బిడ్డల మర్యాదా నిలుస్తుంది, వాళ్ల బిడ్డలకు తల్లి ముఖమూ మిగులుతుంది. ఈ సంవత్సరం పెళ్లి పీటలెక్కబోయే మన బిడ్డలందరి కాపురాలను అల్లాహ్ చల్లగా చూడుగాక. ఆమీన్.