పనిచోట ఆధ్యాత్మికత, ఉద్యోగ నిమగ్నత, స్త్రీపురుష భేదాలు

చేసే పనికి ఒక అర్థం ఉండాలని, తోటివారితో అనుబంధం ఉండాలని, తాను నమ్మిన విలువలతోనే పని చేయగలగాలని ఉద్యోగి కోరుకోవడాన్ని నిర్వహణ శాస్త్రం పనిచోట ఆధ్యాత్మికత అంటోంది. దీనికి ఫలానా మతంతో పని లేదు.

ఉద్యోగ నిమగ్నత మీద చర్చకు పునాది వేసింది అమెరికన్ పరిశోధకుడు విలియం కాన్. 1990లో వెలువడిన ఆయన అధ్యయనంలో పిల్లల వేసవి శిబిరం ఒకటి, ఆర్కిటెక్టుల సంస్థ ఒకటి ఉన్నాయి. శిబిరంలో స్కూబా డైవింగ్ నేర్పే శిక్షకుడు ఒకవైపు పరికరాలు సరిచూస్తూ, మరోవైపు వాతావరణాన్ని గమనిస్తూ, పిల్లల భయాన్నీ ఉత్సాహాన్నీ తనవిగా చేసుకున్నాడు. ఒళ్లు, బుద్ధి, మనసు మూడూ పనిలో పెట్టడమంటే ఇదేనన్నాడు కాన్. అందుకు పనిలో అర్థం కనిపించాలి, మనసులో మాట చెబితే ముప్పు రాదన్న ధీమా ఉండాలి, పనికి వెచ్చించే ఓపిక మిగిలి ఉండాలి.

ఆధ్యాత్మికత వైపు 1999లో ఇయాన్ మిట్రాఫ్, ఎలిజబెత్ డెంటన్ల పుస్తకం వచ్చింది. మతం ఆఫీసుకు తగదని, ఆధ్యాత్మికత తగునని వారు మాట్లాడిన అధికారుల్లో చాలామంది చెప్పారు. 2000లో పరిశోధకులు ఆష్మోస్, డ్యూషాన్ పనిచోట ఆధ్యాత్మికతను కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. అంతరంగ జీవితం, అర్థవంతమైన పని, సమష్టి భావన అందులో ముఖ్యాంశాలు.

మరి వీటిలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా ఉందా? నిమగ్నతను కొలిచే ఉట్రెక్ట్ ప్రశ్నావళిని కుదించి, 10 దేశాల్లో 14,521 మంది సమాధానాలతో షౌఫెలీ బృందం 2006లో పరిశీలించింది. కనిపించిన తేడాలు స్వల్పం, అన్నిచోట్లా ఒకే తీరుగానూ లేవు. స్త్రీలు స్వభావరీత్యా ఆధ్యాత్మికులనో, పని మీద ధ్యాస తక్కువనో తేల్చేయడం అన్యాయం. తేడా ఎక్కడైనా కనబడితే ముందు చూడాల్సింది కాన్ చెప్పిన ధీమా, ఓపిక ఎవరికి ఎంత దక్కుతున్నాయన్నది.

ఓపిక విషయానికొస్తే, సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల నవ్వు వెనక ఉన్న శ్రమను, 1989లో ఉద్యోగినికి ఇంట్లో ఎదురయ్యే రెండో షిఫ్టును గ్రంథస్థం చేశారు. ఇంటి బాధ్యతలు లేని మనిషిని ఊహించుకునే సంస్థలు ఉద్యోగాలను రూపొందిస్తాయని మరో సమాజ శాస్త్రవేత్త జోన్ ఆకర్ 1990లో వాదించారు. ధీమా విషయంలో భారత్‌లో 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం పెద్ద అడుగు. 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ సెలవును 26 వారాలకు పెంచింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది, తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చంది. తండ్రి సెలవు గురించి ఆ సవరణలో ఒక్క మాటా లేదు.