సంతలో దొరికిన క.సా.గు: మహావీరుడి నుంచి మన మల్లన దాకా

ఈ ఎపిసోడ్ అరకులోయ సంత పక్కన నిలబడి చెప్తున్నా. వెనకాల వినిపిస్తున్న సందడి అదే. అల్లం, మిరియాలు, చింతపండు, రాగులు, అన్నీ కొండల మీది గూడేల నుంచి దిగినవే. ఇవాళ్టి టాపిక్ మాత్రం లెక్కలు. భయపడకండి, ఆరో తరగతి లెక్కలే: గ.సా.భా, క.సా.గు.

బీటెక్‌లో గ.సా.భా ప్రోగ్రామ్ నాలుగు లైన్లలో రాశాను, మార్కులు వచ్చాయి. అది ఎందుకు పనిచేస్తుందో ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఉద్యోగంలో చేరాక దెబ్బ తగిలింది. ఒక పని 14 రోజులకోసారి, ఇంకోటి 21 రోజులకోసారి నడుస్తాయి. రెండూ కలిసిన రోజు ఒక రిపోర్టు వెళ్లాలి. నేను రెండింటినీ గుణించి 294 అని పెట్టేశాను. 42వ రోజున వెళ్లాల్సిన రిపోర్టు వెళ్లలేదు. తప్పు నాదే.

అవే అంకెల్ని ఇప్పుడు సంతలోకి తెద్దాం. సంత వారానికోసారి. ఒక షావుకారు రెండు సంతలకోసారి, అంటే 14 రోజులకి వస్తాడనుకుందాం. ఇంకొకాయన మూడు సంతలకోసారి, 21 రోజులకి. ఇద్దరూ ఒకే రోజు ఉంటే మిరియాలు అమ్మే రైతుకి బేరం ఆడే వీలుంటుంది. ఒక్కడే ఉంటే వాడు చెప్పిందే ధర. ఇవాళ ఇద్దరూ వచ్చారంటే మళ్లీ కలిసేది 42వ రోజున. గుణించి 294 అనుకున్న రైతు మధ్యలో ఆరు మంచి బేరాలు పోగొట్టుకుంటాడు.

మరి 42 ఎలా వచ్చింది? 21లోంచి 14 తీస్తే 7. 14ని 7 నిశ్శేషంగా భాగిస్తుంది. అంటే గ.సా.భా 7. అది ఇంకేదో కాదు, సంతకీ సంతకీ మధ్య ఉన్న వారమే! 294ని ఆ 7తో భాగిస్తే 42, అదే క.సా.గు.

ఇలా శేషం పట్టుకుని మళ్లీ మళ్లీ భాగించే పద్ధతి క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిన గ్రంథం ఏడో భాగంలో ఉంది. నా నాలుగు లైన్ల ప్రోగ్రామ్ అదే. మన దగ్గర ఆర్యభటుడు క్రీ.శ. 499లో ఇలాంటి వరస భాగహారాలతోనే ఇంకా కష్టమైన సమస్యలు సాధించాడు. ఆ పద్ధతికి తర్వాత కుట్టకం అని పేరొచ్చింది. కుట్టడమంటే దంచడం. రోట్లో దంచినట్టు పెద్ద అంకెల్ని చిన్నవి చేసుకుంటూ పోవడం అన్నమాట.

క.సా.గు సంగతికొస్తే, క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు గణితసారసంగ్రహం రాశాడు. భిన్నాలు కూడేటప్పుడు హారాలన్నీ గుణించక్కర్లేదని ఆయన చూపించాడు. ఉమ్మడి కారణాంకాన్ని ఒక్కసారే తీసుకుని, దాంతో హారాల్ని భాగిస్తే వచ్చినవాటిని గుణించమన్నాడు. 14, 21లలో ఉమ్మడిది 7, మిగిలినవి 2, 3. 7×2×3 = 42. దీనికి ఆయన పెట్టిన పేరు నిరుద్ధం. 1/14, 1/21 కూడితే నేరుగా 5/42. లేదంటే 35/294 రాసి మళ్లీ కొట్టేసుకోవాలి.

ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో వచ్చిన తొలి శాస్త్ర గ్రంథాల్లో అదొకటి. కవిత్వమే కాదు, కూడికలూ భిన్నాలూ కూడా జనం భాషలో ఉండాలని అంత పాతకాలంలోనే ఒకాయన కూర్చుని రాశాడు. నాకు నన్నయతో పాటు ఈయన పేరు కూడా బడిలో చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇదంతా ఇక్కడ నిలబడి ఎందుకు చెప్తున్నానంటే, ఈ కొండల్లో లెక్క రాకపోతే నష్టం మార్కులతో ఆగదు. దళారుల దోపిడీ నుంచి గిరిజనుల్ని కాపాడ్డానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టాల్సి వచ్చింది. ఇక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది కువి, ఆదివాసీ ఒడియా లాంటి భాషలు. బడిలో క.సా.గు అనే మూడక్షరాలు వాళ్లకి రెండింతలు పరాయివి. అదే సంత లెక్కతో మొదలుపెడితే? సంత వాళ్లకి మనకంటే బాగా తెలుసు.

వెళ్లేముందు ఒక చిన్న లెక్క. ఒకాయన 4 సంతలకోసారి, ఇంకొకాయన 6 సంతలకోసారి వస్తారు. ఇవాళ కలిశారు, మళ్లీ ఎన్నో సంతలో కలుస్తారు? 24 అని నోరు జారేముందు ఒక్క క్షణం ఆగండి. ఉంటాను మరి.