వాన రాకడ, ప్రభువు రాకడ

సూరత్‌లో ఖటోదరా నుంచి మజూరా గేటు దాటి అఠ్వా లైన్స్ వైపు వెళ్తే ఒక ఆసుపత్రి, ఆ దరిదాపుల్లోనే బడి, కాలేజీ కనిపిస్తాయి. బోర్డుల మీద ‘అడ్వెంటిస్ట్’ అని ఉంటుంది. కరీంనగర్ నుంచీ వరంగల్ నుంచీ వచ్చి సాంచాల (మరమగ్గాల) మీద బతికే మన తెలుగువాళ్లు కూడా ఆ బోర్డులు చూస్తూనే ఉంటారు. ఆ మాటకు అర్థం, రాకడ కోసం కనిపెట్టుకొని ఉన్నవాళ్లు అని. లోకం ముగిసిపోతుందని, క్రీస్తు తిరిగి వస్తాడని ఎదురుచూసిన మనుషులు ఆసుపత్రి ఎందుకు కట్టారు? రేపో మాపో పోయే ఊరికి బడి దేనికి? నన్ను ఈ చరిత్ర వెంట నడిపించింది ఈ ప్రశ్నే.

‘రాకడ’ మన పల్లె మాట. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటాం. తెలుగు సంఘాల్లో క్రీస్తు రెండో రాకకు స్థిరపడిన పేరు కూడా అదే. ఎప్పుడో తెలియదు, వస్తుందన్నది మాత్రం నమ్మకం. వాన ఎప్పుడు పడుతుందో తెలియని రైతు ఆ ముందటి రోజుల్లో ఏం చేస్తాడో మనకు తెలుసు. దుక్కి దున్నుకుంటాడు, విత్తనం సిద్ధం చేసుకుంటాడు. రాకడను నమ్మినవాళ్లు ఆ మధ్యకాలంలో ఏం చేశారన్నదే నాకు ఈ చరిత్రలో అసలు విషయం. తేదీలు తప్పిన కథలు చాలామంది చెప్పారు.

తేదీ తప్పిన కథల్లో పెద్దది అమెరికాది. న్యూయార్క్ రాష్ట్రంలో విలియమ్ మిల్లర్ అనే రైతు దానియేలు గ్రంథంలోని సంఖ్యలు లెక్కకట్టి 1843-44 మధ్య క్రీస్తు వస్తాడని బోధించాడు. వేలమంది నమ్మారు. చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22ను ఖాయం చేశారు. కొందరు రైతులు పండిన బంగాళాదుంపలను తవ్వకుండా చేలోనే వదిలేశారు. మళ్లీ తినే పని లేదనుకున్నారు. ఆ రాత్రి గడిచింది, తెల్లారింది. మహా నిరాశ అని ఆ రోజుకు చరిత్రలో పేరు మిగిలింది.

ఆ నిరాశలోంచి లేచినవాళ్లలో ఒక గుంపు 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సంఘంగా ఏర్పడింది. వారిలో ఎలెన్ వైట్ అనే స్త్రీ మాటకు గొప్ప విలువ ఉండేది. ప్రభువును ఎదుర్కోబోయే ఒంటిని పాడుచేసుకోకూడదని ఆమె బోధ. పొగాకు వద్దు, మద్యం వద్దు, వీలైతే మాంసం కూడా వద్దు. 1866లో మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో వాళ్లు ఒక ఆరోగ్యాలయం తెరిచారు. తరువాత దాన్ని నడిపిన డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్, ఆయన తమ్ముడు, రోగులకు తేలికైన ఆహారం కోసం చేసిన ప్రయత్నాల్లో ఉదయపు అటుకులు పుట్టాయి. ఇవాళ మన నగరాల్లో పిల్లలు పాలలో పోసుకు తినే కార్న్‌ఫ్లేక్స్ వెనక, బంగాళాదుంపలను చేలో వదిలేసిన మనుషుల వారసులున్నారు. తేదీ తప్పింది, ఆశ పోలేదు. ఆ ఆశ తిండిలోకి, వైద్యంలోకి, బడిలోకి మళ్లింది. నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి, నరసాపురం పక్కన రుస్తుంబాదలో ఫ్లెయిజ్ పేరుమీద బడి, ఇక్కడ సూరత్‌లో అఠ్వా లైన్స్ ఆసుపత్రి, అన్నీ ఆ మలుపు నుంచే వచ్చాయి.

అసలు మొదటికి వెళ్తే, ఈ ఎదురుచూపు క్రైస్తవమంత పాతది. మొదటి తరం వాళ్లు తమ బతుకుల్లోనే ప్రభువును చూస్తామనుకున్నారు. మొదటి శతాబ్దం చివర పత్మాసు ద్వీపంలో ప్రవాసంలో ఉన్న యోహాను పేరుతో వచ్చిన ప్రకటన గ్రంథం, రోమా సామ్రాజ్యం కింద నలిగినవాళ్లకు ధైర్యం. అయిదో శతాబ్దంలో అగస్టీన్ ఆ గ్రంథంలోని వెయ్యేండ్ల పాలనను సంఘం నడిచే ఈ కాలమే అని వివరించాక, చాలా శతాబ్దాలు ఆ ఆత్రం చల్లబడింది. అప్పుడప్పుడూ భగ్గుమంది కూడా. 1534లో జర్మనీలోని మున్‌స్టర్ పట్టణాన్ని కొందరు కొత్త యెరూషలేముగా ప్రకటించి ఆయుధాలు పట్టారు. మరుసటి ఏడు అది నెత్తుటిలో ముగిసింది.

మన దగ్గరికి ఈ ఆలోచన రెండు దారుల్లో వచ్చింది. మొదట వచ్చినవాళ్లది ఆశావాదం. సువార్త లోకమంతా నిండుతుంది, మనుషులు మారతారు, వెయ్యేండ్ల మంచికాలం వస్తుంది, ఆ తరువాతే క్రీస్తు వస్తాడు అని వాళ్లలో చాలామంది నమ్మకం. లండన్ మిషనరీ సొసైటీ ఆ గాలిలో పుట్టిందే. వాళ్ల మనుషులు జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. అదే సంస్థ పక్షాన 1815లో సూరత్‌లో దిగిన జేమ్స్ స్కిన్నర్, ఆ తరువాత విలియమ్ ఫైవీ, 1820ల్లో బైబిలును గుజరాతీలోకి తెచ్చి ఇక్కడి ముద్రణాలయంలోనే అచ్చువేశారు. తాపీ ఒడ్డున ఇద్దరు, విశాఖ తీరాన ఇద్దరు. చాలా కాలం పడుతుందని నమ్మినవాళ్లు నిఘంటువులు, వ్యాకరణాలు, అచ్చు అక్షరాలు చేస్తారు. వాళ్ల గడియారం నెమ్మదిగా నడిచేది.

రెండో దారిలో వచ్చినవాళ్ల గడియారం వేరు. ఐర్లండ్‌లో జాన్ నెల్సన్ డార్బీ, ఆయన స్నేహితులు 1830ల మొదట్లో కొత్త వివరణ ఇచ్చారు. లోకం బాగుపడదు, చెడుతుంది. సంఘం ఎత్తబడుతుంది, మహాశ్రమలు వస్తాయి, ఆ తరువాతే వెయ్యేండ్ల పాలన. ప్రభువు ఏ క్షణమైనా రావచ్చు. బ్రదరెన్ అని పేరుపడిన ఆ గుంపులో ఎక్సెటర్ పట్టణపు దంతవైద్యుడు ఆంథోని నోరిస్ గ్రోవ్స్ ఉన్నాడు. రేపటికి దాచుకోవడం విశ్వాసికి తగదని 1825లో చిన్న పుస్తకం రాసి, బాగా నడిచే వృత్తిని వదిలేసి బాగ్దాదు వెళ్లాడు. 1831లో అక్కడ ప్లేగు పడింది, వెంటనే వరద వచ్చింది. గ్రోవ్స్ ఊరు విడిచిపోలేదు. భార్య మేరీ ఆ ప్లేగులోనే పోయింది. 1833లో ఆయన భారతదేశం వచ్చాడు. తోటి పనివాళ్ల కోసం ఆయన చేసిన అన్వేషణ ఫలితమే, 1836లో డెవన్ ప్రాంతం నుంచి ఓడెక్కి వచ్చిన రెండు జంటలు. రాళ్లు చెక్కే పనివాడు విలియమ్ బౌడెన్, చెప్పులు కుట్టే జార్జ్ బీర్, వాళ్ల భార్యలు. వాళ్లు నరసాపురంలో కుదురుకున్నారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది.

వాళ్లకు జీతమిచ్చే సంస్థ లేదు. విరాళాలు అడగకూడదన్నది నియమం. వాళ్లు దిగిన నాటికి డొక్కల కరువు గడిచి ఎన్నో ఏళ్లు కాలేదు. 1832-33లో గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాలు శవాలతో నిండిన ఆ కరువును చూసిన నేలలో, లోకాంతం గురించి ఎవరికీ ప్రత్యేకంగా వివరించి చెప్పాల్సిన పని ఉండి ఉండదు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలయ్యాక, అక్కడ మట్టి మోసే కూలీల మధ్యకు బౌడెన్ వెళ్లాడు. ఒకపక్క వందేళ్లు నిలిచే రాతికట్టడం లేస్తోంది, ఆ పక్కనే నేడో రేపో ప్రభువు వస్తాడన్న మాట. ఈ రెండూ ఒకే గోదావరి ఒడ్డున కలవడం నాకు ఎంత ఆలోచించినా తరగని దృశ్యం. రేపో మాపో అనుకున్న బౌడెన్ దాదాపు నలభై ఏళ్లు అక్కడే ఉన్నాడు. ఆ తరువాత ఆ రెండిళ్ల కొడుకులూ ఆ పనిలోనే నిలిచారు. నరసాపురంలో కుష్ఠురోగులకు బెతెస్ద ఆసుపత్రి ఆ వారసత్వంలోనిదే.

అయితే అంత్యకాలపు మాట మనవాళ్లకు తెల్లవాళ్లు నేర్పిందని అనుకోవడం పొరపాటు. పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం మాలమాదిగల గుడిసెల్లోకీ వెళ్లింది. లోకం తలకిందులయ్యే రోజు వస్తుందని, ధర్మం నిలబెట్టేవాడు వస్తాడని అక్కడ ఎప్పటినుంచో వినిపిస్తూనే ఉంది. ఒంగోలు ప్రాంతంలో మాదిగల్లో తొలి క్రైస్తవ నాయకుడైన ఎర్రగుంట్ల పేరయ్య, అంతకుముందు రాజయోగ గురువుల దగ్గర సాధన చేసినవాడే. ఆ గురువుల సంగతులు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో అచ్చైన తన పుస్తకంలో రాసింది. కొత్త నమ్మకం పాత ఎదురుచూపు మీదే వేరూనింది.

పేరయ్య క్రైస్తవంలోకి వచ్చిన 1866లోనే ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ కాలంలో ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లఫ్ మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం మారుతున్నారన్న మాట రాకుండా కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. చివరకు 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలోకి దిగారు. వాళ్లలో చాలామందికి లోకాంతం భయపెట్టే కబురు కాదని నా నమ్మకం. చెరువు నీళ్లు ముట్టనివ్వని లోకం ముగిసిపోతుందంటే ఎవరు ఏడుస్తారు? తీర్పు దినం అన్నది దొరలకు బెదిరింపు, మాదిగలకు వాయిదా పడ్డ న్యాయం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ బోధ తెలుగువాళ్ల చేతుల్లోకి వచ్చింది. 1909లో అమెరికాలో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలు డార్బీ వివరణను పేజీ అడుగున వ్యాఖ్యగా ప్రపంచమంతా పంచింది. కానీ మన ఊళ్లలో దానికి గొంతునిచ్చింది మనవాళ్లే. జేగురుపాడులో పుట్టి లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషను పెట్టాడు. రాకడకు సంఘం పెండ్లికుమార్తెలాగ సిద్ధపడాలన్నది అక్కడి బోధకు గుండెకాయ. సిద్ధపాటు అనే మాట ఆ కూటాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. పెళ్లికి ముందు ఆడపిల్ల ఇంట్లో ఉండే హడావిడి, బెంగ, సంతోషం తెలిసినవాళ్లకు ఇంతకంటే దగ్గరి పోలిక ఏముంటుంది? పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి క్రైస్తవ బోధకుడైన భక్తసింగ్, 1950 నాటికి హైదరాబాదులో హెబ్రోను అనే ఆరాధనా స్థలాన్ని కేంద్రం చేసుకున్నాడు. ఆయన సభల్లో వేలమంది చాపల మీద వరుసగా కూర్చొని కలిసి తినేవాళ్లు. డబ్బు కోసం విజ్ఞప్తి ఉండేది కాదు, గ్రోవ్స్ నియమంలాగే.

ఈ ఎదురుచూపు ఇళ్లలోకి ఎలా దిగిందో చూడాలంటే ఆ సంఘాల స్త్రీలను చూడాలి. తెల్లచీర, బోసిమెడ, బోసిచేతులు. లోకం గతించిపోయేదైతే బంగారం దేనికన్న వాదన. మా గోదావరి జిల్లాల్లో బంగారమంటే ఆడదాని బ్యాంకు. అది వదులుకోవడం చిన్న త్యాగం కాదు. కష్టకాలంలో తాకట్టుకు ఏమీ మిగలని ఇళ్లూ ఉన్నాయి, అప్పుల్లేని పెళ్లిళ్లు చేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. నగలు పోయినా కట్నం చాలా ఇళ్లలో పోలేదన్న బాధ నాకుంది. ఆదివారం రొట్టె విరిచేటప్పుడు ప్రభువు వచ్చేదాకా ఇది చేస్తామన్న మాట ఉంటుంది. ఆ బల్ల దగ్గర మాలా మాదిగా వేరువేరు సంఘాలుగానే మిగిలిన ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చావు దగ్గర మాత్రం ఈ నమ్మకం పరిపూర్ణంగా పనిచేసింది. చనిపోయారని అనరు, ప్రభువునందు నిద్రించారంటారు. నిద్ర అన్నాక మేల్కొలుపు ఉంటుంది. భూస్థాపన రోజున ఆ ఒక్క మాట పట్టుకొని నిలబడ్డ తల్లుల్ని నేను చూశాను.

భయం వైపు కూడా చెప్పాలి. రాకడ గురించి గుంభనంగా బోధించే పాస్టర్ల పక్కనే, ప్రతి యుద్ధానికీ ప్రతి భూకంపానికీ తేదీ కట్టేవాళ్లు పుట్టుకొస్తారు. 2011 మే 21న తీర్పు దినమని అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ రేడియోలో చాటితే, కొందరు ఉద్యోగాలు మానేశారు, దాచుకున్న డబ్బంతా ప్రచారానికి పోశారు. మిజోరంలో కొందరు ఆధార్ సంఖ్యను ప్రకటన గ్రంథంలోని మృగం ముద్రగా భావించి నమోదుకు ఒప్పుకోలేదు. పిల్లల చదువు ఎందుకు, ఎలాగూ ముగిసిపోతుంది కదా అనే మాట ఒక తండ్రి నోట వింటే నాకు కోపం వస్తుంది. బౌడెన్, బీర్ తమ పిల్లల్ని ఆ మాట మీద పెంచలేదు.

సూరత్ తన లోకాంతాన్ని 1994 సెప్టెంబరులో చూసింది. పెద్ద వానలు, తాపీ వరద, ఆ బురద ఆరకముందే ప్లేగు. లక్షలమంది రైళ్లకూ బస్సులకూ పడి ఊరు విడిచిపోయారు. ప్రైవేటు డాక్టర్లలోనూ చాలామంది వెళ్లిపోయారు. తెలుగు బైబిలులో ఆ పీడకు మాట తెగులు. మనం పైరుకు పట్టిన జబ్బుకు వాడే మాటే. ప్రకటన గ్రంథం చదివినవాళ్లకు తెగుళ్లు కడవరి దినాల గుర్తు. ఆ వారం ఖటోదరా పక్కనున్న న్యూ సివిల్ ఆసుపత్రిలో వార్డులు రోగులతో నిండాయి. పారిపోని నర్సులు, డాక్టర్లు టెట్రాసైక్లిన్ ఇస్తూ పనిచేశారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు కాలువలు తవ్వించి, చెత్త ఎత్తించి, ఊరిని కడిగించాడు. సాంచాలు మళ్లీ మోగాయి, వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు.

బాగ్దాదు ప్లేగులో ఊరు విడవని గ్రోవ్స్‌ను నేను ఆ నర్సుల పక్కన నిలబెట్టి చూసుకుంటాను. లోకం ముగిసిపోతోందని మనసారా నమ్మినవాడు ఆయన. అయినా ప్లేగు పట్టిన ఊళ్లోనే ఉండిపోయాడు.