కథ కట్టుట: తెలుగు నవలాకారులు, చిత్రకథా రచయితలు చూపిన త్రోవ

గోల్ ఘర్ పరిసరములలో నివసించు తెలుగు కుటుంబములలో ఓడ యెక్కి వచ్చిన తాతగారి కథ లేని యిల్లు అరుదు. శ్రీకాకుళమునుండియు, విశాఖనుండియు పొట్టచేత పట్టుకొని సముద్రము దాటి వచ్చినవారి బ్రతుకులలో నవలకు చాలినంత విషయము కలదు. అయినను ఆ కథలు నోటిమాటలుగనే మిగిలిపోవుచున్నవి. విషయము లేక కాదు, కథను కట్టు తీరు తెలియక. ఈ విద్యను తెలుగు రచయితలు ఎట్లు అలవరచుకొనిరో తెలుపు చరిత్ర నూటయేబది యేండ్లది. క్రొత్తగా కలము పట్టువారికి అంతకంటె మేలైన పాఠ్యగ్రంథము లేదు.

1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టి 'శ్రీరంగరాజ చరిత్ర'ను ప్రకటించెను. 1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' వెలువడెను. పంతులుగారు ఆంగ్ల రచయిత గోల్డ్‌స్మిత్ వ్రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు'నుండి కథా సూత్రమును గ్రహించిరి. కాని ఆ సూత్రమునకు గ్రుచ్చిన పూసలు ధవళేశ్వరమువి. ముఖస్తుతులు చేయు మిత్రులు, జ్యోతిష్కులు, బంగారము చేసెదనని మోసగించు బైరాగి—వీరందరు గోదావరి తీరమువారే. 1887లో ఆ నవల లండనులో ఆంగ్లానువాదముగా వెలువడినది. పరదేశమునుండి తెచ్చుకొన్న సూత్రము తెలుగు కథయై తిరిగి ఆ దేశమునకే చేరినదన్నమాట. ఎరవు తెచ్చుకొనుట తప్పు కాదు. తెచ్చినదానిని తన యూరి మట్టితో నింపకుండుటయే తప్పు.

సంభాషణ వ్రాయువారికి గురుస్థానము గురజాడ అప్పారావుగారిది. 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. పేరు వచ్చినది గదా యని ఆయన ఊరకుండలేదు. 1909లో వెలువరించిన రెండవ కూర్పు దాదాపు క్రొత్త నాటకమే. మొదటి కూర్పులో కొద్దిపాటి స్థానము మాత్రమే కలిగిన మధురవాణి, రెండవదానిలో కథనంతను త్రిప్పు శక్తిగా పెరిగినది. తొలి ప్రదర్శనకును ఈ కూర్పునకును నడుమ పదునేడేండ్లు గడచినవి. చప్పట్లు పడిన రచననే మరల విప్పి కుట్టుటకు కావలసిన ధైర్యము సామాన్యమైనది కాదు.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి'ని చెరసాలలో రచించిరి. 1922లో అది అచ్చయి, ప్రభుత్వ నిషేధమునకు గురియైనది. అంతవరకు నవలలో ప్రక్కన నిలుచుండిన హరిజన కుటుంబము అందు నడుమకు వచ్చినది. గుంటూరు సీమ పలుకుబడి కథనమునకే ప్రాణమైనది. ఇందుకు భిన్నమైన త్రోవ విశ్వనాథ సత్యనారాయణగారిది. ఆయన 'వేయిపడగలు'ను తమ్మునికి చెప్పి వ్రాయించిరి. ఆ మహానవల నెలదినములలోపే ముగిసినదని ప్రతీతి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని దానికిని, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'కును పంచి యిచ్చినది. గురజాడ ఏండ్ల తరబడి చెక్కెను. విశ్వనాథ ఉరవడిలో పలికెను. వేగము, ఆలస్యము అనునవి నియమములు కావు. వ్రాయుటకు ముందు ఆ లోకము రచయిత మనస్సులో నిండియుండుటయే నియమము.

చలనచిత్రము వచ్చుటతో సమస్య మారినది. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలయినప్పుడు మాటయు, పాటయు రంగస్థలమునుండియే వచ్చినవి. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల'కు చలముగారు కథ నీయగా, తాపీ ధర్మారావుగారు సంభాషణలు వ్రాసిరి. ఇంటిలో ఆడుకొను తెలుగు అప్పుడు తెరమీద వినబడినది. ప్రేక్షకుడు నిఘంటువు వెంటబెట్టుకొని రాడని ఆ చిత్రము నేర్పినది.

తెరకథా నిర్మాణమునకు 1957 నాటి 'మాయాబజార్' నేటికిని ఉదాహరణము. శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేని కథ. 1936లోనే ఒకసారి చిత్రముగా వచ్చినది. తెలిసిన కథను మరల చెప్పవలసివచ్చిన కె. వి. రెడ్డిగారు, పింగళి నాగేంద్రరావుగారు ఒక సాహసము చేసిరి. పాండవుల యింటి కుమారుని వివాహ కథలో పంచపాండవులు తెరమీద కనిపింపనే కనిపింపరు. అయినను వారి లోటు ప్రేక్షకునికి తోచదు. ఏది చూపవలెనో యెరుగుట సగము విద్య. ఏది చూపనక్కరలేదో యెరుగుట తక్కిన సగము. 'అసమదీయులు', 'తసమదీయులు' వంటి పింగళివారి మాటలు నేటికిని తెలుగిండ్లలో నవ్వులు పూయించుచున్నవి.

కథ నెక్కడ ముగింపవలెనను ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. ఇందుకు నిదర్శనము ఈ ద్వీపములకు సంబంధించినదే. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రమునకు త్రిపురనేని మహారథిగారు రచన చేసిరి. నాయకుని వీరమరణముతో చిత్రము ముగియును. కథానాయకుడు 1924 మే 7న నేలకొరిగెను గనుక ఆ ముగింపు న్యాయమే. కాని చరిత్ర అక్కడ ఆగలేదు. రాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాను ద్వీపాంతరవాస శిక్ష ననుభవించి, తిరిగి తన మన్యమునకు చేరెను. 1952లో విశాఖపట్నమునుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. కొండలో విల్లు పట్టిన గిరిజనుడు స్వతంత్ర భారత పార్లమెంటులో కూర్చుండెను. ఒకరి కథ ముగిసినచోట మరొకరి కథ మొదలగునని దీనివలన తెలియుచున్నది. రాజు మరణమున ముగించినచో అది వీరగాథ. మల్లుదొర పార్లమెంటు మెట్లెక్కుటతో ముగించినచో అది స్వాతంత్ర్య కథ. సంఘటనలు మారలేదు, ముగింపు మారగా అర్థము మారినది.

1858లో ఖైదీలతో మొదలై, 1906 నాటికి సెల్యులార్ జైలు పూర్తియై, 1942 మొదలు 1945 వరకు జపాను ఆక్రమణకు లోనై, 2024లో శ్రీవిజయపురమను పేరు పొందిన ఈ పట్టణమునకు కథల కొరత లేదు. మల్లుదొర వంటివారు బంధితులై వచ్చిరి. తరువాతి తెలుగువారు కూలికై, వ్యాపారమునకై, ఉద్యోగమునకై తమంత తాము వచ్చిరి. ఈ రెండు రాకల నడుమనున్న దూరమే ఒక నవల. ఓడ యెక్కివచ్చిన తరమువారు ఒక్కొక్కరుగా కనుమరుగగుచున్నారు. వారి మాట నిలిచియుండగనే కాగితము తీసికొని వారి ప్రక్కన కూర్చుండుట నేటి యువతరము చేయదగిన తొలిపని. దిద్దుటకు గురజాడవలె పదునేడేండ్లు పట్టినను పట్టనిండు. వినుటకు మాత్రము అంత గడువు లేదు.